విశాఖ తీరపు జంటరెక్కల విమానం

వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్టు దాటి పాత పోస్టాఫీసు వైపు నడిస్తే, ఎత్తైన అరుగులు, దూలాల మిద్దెలు కల ఇళ్ళు సందులలో ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నవి. అట్టి ఒక ఇంటి వసారాలో, కిటికీ ప్రక్కన వేసిన బల్లమీద, గడచిన నాలుగు నెలలుగా ఒక విమానం తయారవుతున్నది. ఒక రెక్క కొన నుంచి రెండవ రెక్క కొన వరకు దాని కొలత ఏడు అంగుళాల ముప్పాతిక. విమానం మా మిత్రునిది. రేవులో లెక్కల శాఖలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారాయన. ప్రక్కన కూర్చుండి ఉప్పుకాగితం పట్టడం, జిగురు సీసా మూత వెదకడం, అడుగని సలహాలు చెప్పి చీవాట్లు తినడం మా వంతు.

విశాఖలో విమానం చూడవలెనంటే ఇంత శ్రమ ఎందుకని పాఠకులు అడుగవచ్చును. సముద్రతీరపు రోడ్డుమీద, కురుసురా జలాంతర్గామికి ఎదుట, 2017 డిసెంబరు నుంచి టి.యు. 142 అనే మహావిమానం ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. దాని రెక్కల విస్తీర్ణం 50 మీటర్లు. సెలవుదినాలలో పిల్లలు దాని కడుపులోనికి ఎక్కి దిగుతుంటారు. అది చూడదగినదే, మేమూ రెండుసార్లు చూసినాము. కాని ఈ పట్టణపు ఆకాశ చరిత్ర దానితో మొదలు కాలేదు. అంతకు చాలా ముందు, రెండవ ప్రపంచయుద్ధపు దినాలలో, గుడ్డ కప్పిన జంటరెక్కల విమానాలతో ఈ తీరానికి కాపలా ఏర్పాటు చేసినారు. ఆ విమానం పేరు వాపిటీ. ఉత్తర అమెరికాలో ఉండే ఒక పెద్ద దుప్పి పేరు అది. విశాఖలో దాని రెక్క ముక్క అయినా ఎవరూ దాచలేదు. ఢిల్లీలో పాలం వద్ద భారత వైమానిక దళపు ప్రదర్శనశాలలో ఒక వాపిటీ భద్రపరచబడినది. ఇక్కడ కంటితో చూడవలెనంటే చేతితో చేసుకొనవలసినదే.

చేయడానికి మా మిత్రుని వద్ద ఉన్నది వాపిటీ కిట్టు కాదు. 1960ల చివర వారి అన్నగారు ఓడ ఉద్యోగంలో ఉండగా లండనులో కొని తెచ్చిన పెట్టె అది. ఫ్రాగ్ అనే ఆంగ్ల కంపెనీవారి సరుకు. పెట్టె మీద బొమ్మ వెలిసిపోయినది. లోపల పుల్లల చట్రానికి అంటుకొని ఉన్న భాగాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కిట్టు వెస్ట్‌లాండ్ వాలెస్ అనే విమానానిది. వాలెస్‌ను వాపిటీగా మార్చడం మా మిత్రుని సంకల్పం. మొదట విన్నప్పుడు, వేపకర్రతో వీణ చేస్తానన్నట్లు తోచినది మాకు. తరువాత ఆ రెండు విమానాల చుట్టరికం తెలిసి మా అభిప్రాయం మార్చుకొన్నాము.

ఇక్కడ ఆ కంపెనీని గురించి ఒక మాట. ప్లాస్టిక్ భాగాలను అతికించి విమానపు నమూనా చేసుకొనే వేడుకకు ఆద్యులు వారే. 1936లో పెంగ్విన్ అన్న పేరుతో వారు తెచ్చిన చిన్న కిట్లు ప్రపంచంలో మొట్టమొదటివి. అంతకుముందు వారు అమ్మినవి ఎగిరే బొమ్మలు. నేలమీద నుంచి నేరుగా ఎగురుతుందని సూచించే ఆంగ్లపదాల మొదటి అక్షరాలను కూర్చి కంపెనీకి కప్ప పేరు పెట్టుకొన్నారు. ఎగురని నమూనాలకు ఎగురలేని పక్షి పేరు పెట్టినారు. ఆ తొలి ప్లాస్టిక్కు కాలం గడిచేకొద్దీ వంకర తిరిగిపోయేది. యుద్ధానంతరం వచ్చిన పాలిస్టిరీన్ అట్లు కాదు. అందుచేతనే మా మిత్రుని పెట్టె అర్ధశతాబ్దం దాటినా ఉపయోగపడినది. 1952లో ఎయిర్‌ఫిక్స్ వారు గోల్డెన్ హైండ్ ఓడ కిట్టును సామాన్యుల అంగళ్ళలో చౌకగా అమ్మిన పిదప ఈ వేడుక ఇల్లిల్లూ చేరినది. ఫ్రాగ్ వారు 1976లో కిట్ల తయారీ ఆపివేసినారు. వారి అచ్చులలో చాలా భాగం సోవియట్ దేశానికి తరలిపోయినవి.

ఈ కిట్లకు కొలత 72వ వంతు. ఇది ఎవరో ఊరక అనుకొన్న అంకె కాదు. ఆరడుగుల మనిషి సరిగా ఒక అంగుళం అవుతాడు. అడుగులు, అంగుళాలు లెక్కపెట్టిన తరానికి ఇంతకన్న సుఖమైన కొలత లేదు. పోల్చి చెప్పవలెనంటే, తీరపు రోడ్డు మీది ఆ మహావిమానాన్ని ఈ కొలతకు కుదిస్తే 69 సెంటీమీటర్లు వస్తుంది. మా బల్ల సగం ఆక్రమిస్తుంది. వాపిటీ దాని ప్రక్కన పిచ్చుక.

ఇక చుట్టరికం సంగతి. 1920ల మధ్య బ్రిటిషు వైమానిక దళం వద్ద మొదటి ప్రపంచయుద్ధం నాటి డి.హెచ్. 9ఏ విమానాలు అరిగిపోతున్నవి. కొత్తవి కావలెను, ఖజానాలో డబ్బు లేదు. గోదాములలో మాత్రం పాత విమానపు విడిభాగాలు గుట్టలుగా పడి ఉన్నవి. కనుక ప్రభుత్వం ఒక షరతు పెట్టినది: కొత్త విమానం ఎవరు రూపొందించినా సరే, పాత విమానపు భాగాలు ఎంత వీలైతే అంత వాడవలెను. యోవిల్ పట్టణపు వెస్ట్‌లాండ్ కంపెనీ ఆ పోటీలో గెలిచినది. 1918లో డి.హెచ్. 9ఏ రూపకల్పనను పూర్తిచేసినవారూ వారే కాబట్టి, పాత రెక్కల గుట్టుమట్లు వారికి కొట్టినపిండి. పాత రెక్కలకు కొత్త శరీరాన్ని, ముక్కున తొమ్మిది సిలిండర్ల బ్రిస్టల్ జూపిటర్ ఇంజనును అమర్చి 1927 మార్చిలో వాపిటీని ఎగురవేసినారు. 500కు పైగా తయారైనవి. అంటే వాపిటీ పుట్టుకయే ఒక పాత కిట్టును బాగుచేసుకొన్న కథ. మా మిత్రుడు వన్ టౌన్ వసారాలో రంపం పట్టుకొని చేస్తున్న పనిని వెస్ట్‌లాండ్ వారు తమ కర్మాగారంలో ఎన్నడో చేసినారు.

ఈ వంశంలో తెలుగుదేశానికి సంబంధించిన ముడి ఇంకొకటి ఉన్నది. దానిని విడిచిపెట్టి ముందుకు పోవడం మాకిష్టం లేదు. డి.హెచ్. 9ఏ విమానాలతో మొట్టమొదట పూర్తిగా సన్నద్ధమైన దళం బ్రిటిషు వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్. ఆ విమానాల వెల చెల్లించినవాడు హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ప్రతి విమానం ప్రక్కన అది నిజాం ఇచ్చిన బహుమానమని వ్రాసి ఉండేది; దళం పేరులో హైదరాబాదు చేరినది. 1918 సెప్టెంబరులో ఆ విమానాలు ఫ్రాన్సుకు వెళ్ళి జర్మనీ పట్టణాలమీద పగటిపూట దాడులు చేసినవి. వాటిలో ఒకటి శత్రువుల చేత చిక్కి, బెర్లిను ప్రదర్శనశాలలో కొంతకాలం, పోలండులోని క్రాకోలో కొంతకాలం గడిపి, 1977లో లండనులోని వైమానిక ప్రదర్శనశాలకు చేరుకొన్నది. హైదరాబాదు రాజ్యపు రైతు చెల్లించిన శిస్తు ఆ విధంగా రెక్కలు తొడుగుకొని ఖండాంతరాలు తిరిగినది. ఆ ధనాన్ని ఊరి చెరువులకు ఖర్చు చేసి ఉంటే ఏమయ్యేదని మా మిత్రుడు అడిగినారు. మేము జవాబు చెప్పలేదు.

వాపిటీకి వారసుడు వాలెస్. 1930ల ప్రారంభంలో ఒక వాపిటీనే తీసుకొని, పెగాసస్ ఇంజను బిగించి, దాని చుట్టూ గాలిని మళ్ళించే వలయం తొడిగి, మార్పులు చేసి వాలెస్‌కు మూలరూపం తయారుచేసినారు. ఆ మూలరూపమే 1933 ఏప్రిల్ 3వ తేదీన, బీహారులోని పూర్ణియా సమీపాన గల లాల్‌బాలు మైదానం నుంచి లేచి, తోటి వెస్ట్‌లాండ్ విమానంతో కలిసి ఎవరెస్టు శిఖరం మీదుగా ఎగిరినది. మానవుడు ఆ శిఖరాన్ని పైనుంచి చూడడం అదే మొదలు. దానిని నడిపినవాడు మెకింటైర్. వెనుక కూర్చుండి చలనచిత్రం తీసినవాడు బానెట్. పొరపాటున కాలు పడి ప్రాణవాయువు గొట్టం పగిలితే, బానెట్ జేబురుమాలు చుట్టి, స్పృహ తప్పి, మరల కోలుకొన్నాడు. టెన్సింగ్, హిల్లరీలు శిఖరంమీద కాలు మోపడానికి ఇంకా ఇరవై సంవత్సరాల వ్యవధి ఉన్నది. తండ్రికన్న కొడుకుకు పేరు ముందుగా రావడం ఇట్లాంటి చోట్లనే జరుగుతుంది. కిట్టు చేసేవారు వాలెస్‌ను ఎంచుకొన్నారంటే ఆశ్చర్యం లేదు.

కనుక మా పని కొడుకును తండ్రిగా మార్చడం. భారతదేశంలో వాడుకలో ఉన్న వాపిటీ శరీరం వాలెస్ కన్న సుమారు రెండడుగులు పొట్టి. 72వ వంతులో అది అంగుళంలో మూడవ వంతు. అంత చిన్న ముక్కను కోసి తీసివేసి, రెండు కొనలూ మరల కలిపినప్పుడు ప్రక్కగీతలు ఒకదానికొకటి కలియవు. కలిసేవరకు పుట్టీ పూయవలెను, ఆరనీయవలెను, ఉప్పుకాగితం రుద్దవలెను, మరల పూయవలెను. సముద్రపు గాలి తేమకు మూడు గంటలలో ఆరవలసినది మరునాటికి గాని ఆరలేదు. మొదటిసారి కోత వంకరగా పోయినది. ఆ తప్పు మాది, పట్టుకొన్నది మేము. మా మిత్రుడు ఏమీ అనక, పెట్టెలోని పుల్లల చట్రాన్నే అరగదీసి అతుకు వేసి సరిచేసినారు.

ముక్కుకు ఉన్న వలయం తీసివేయడం తేలిక. తీసివేసిన తరువాత ఇంజను బయటపడుతుంది; అప్పుడు దాని బీదతనం తెలుస్తుంది. పాత కిట్లలో సిలిండర్లు తొమ్మిది మొటిమలవలె ఉంటవి. అసలు జూపిటర్ ఇంజనులో ప్రతి సిలిండరు చుట్టూ వేడిని గాలికి వదలే పలుచని రేకుల వరుస ఉంటుంది. సన్నని దారాన్ని ఒక్కొక్క మొటిమ చుట్టూ చుట్టి, జిగురు తడిపి, నల్లరంగు పూస్తే ఆ రేకులు కనిపించినవి. ఈ ఉపాయం చెప్పినది ఎదురింటి దర్జీ. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు చేసే చేతులకు ఇట్లాంటివి ఒకరు చెప్పనవసరం లేదు. మనవంటి చదువుకొన్నవారికే అంగుళంలో పదవ వంతు దగ్గర వ్రేళ్ళు వణుకుతవి.

పాత కిట్టులో అన్నిటికన్న పెద్ద లోపం రెక్కల వెనుక అంచు. అచ్చులో ప్లాస్టిక్కు పారడానికి అది మందంగా పోస్తారు. నమూనాలో ఒక మిల్లీమీటరు మందమంటే అసలు విమానంలో ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. గుడ్డ రెక్క అంచు ఎక్కడైనా తలగడవలె ఉంటుందా? లోపలి వైపు నుంచి రుద్ది రుద్ది, గోటికి వంగేంత పలుచన చేయవలసి వచ్చినది. నాలుగు రెక్కలకు పదకొండు సాయంకాలాలు పట్టినవి. బయటి వైపు గుడ్డ నేతను చూపడానికి అచ్చులో గీసిన గరుకును కూడా తగ్గించినాము. గుడ్డమీద పూత పూసి బిగించిన రెక్క దూరానికి నున్నగానే కనిపిస్తుంది. లోపలి బద్దల వరుస మాత్రం లీలగా తెలియవలెను.

అయితే జంటరెక్కల విమానానికి ప్రాణం తీగలలో ఉన్నది. క్రింది రెక్కకూ పై రెక్కకూ నడుమ నిలువు కంబాలు ఒత్తిడిని భరిస్తవి. లాగుడును భరించేవి ఐమూలగా బిగించిన తీగలు. నేలమీద నిలిచి ఉన్నప్పుడు రెక్కల బరువు క్రిందికి లాగుతుంది. పైరెక్క మధ్య నుంచి క్రిందిరెక్క కొనవైపు దిగే తీగలు దానిని పట్టుకొంటవి. ఎగిరేటప్పుడు గాలి రెక్కలను పైకి లేపుతుంది. అప్పుడు శరీరం దగ్గర క్రింది నుంచి పైరెక్క కొనవైపు ఎక్కే తీగలు బిగుసుకొంటవి. పెండ్లి పందిరికి నాలుగు వైపులా మోకులు కట్టే మనిషిని అడిగితే ఈ విద్య అంతా ఒక్క మాటలో చెప్పగలడు. అసలు తీగ వెడల్పు ఒక సెంటీమీటరు అనుకొంటే నమూనాలో అది మిల్లీమీటరులో ఏడవ వంతు. గాలిపటపు దారం కూడా మోకువలె కనిపిస్తుంది. అందుచేత పెట్టెలో మిగిలిన ప్లాస్టిక్కు పుల్లను కొవ్వొత్తి సెగన పట్టి, మెత్తబడగానే రెండు చేతులా మెల్లగా సాగదీయవలెను. తలవెంట్రుక వంటి పోగు వస్తుంది. నిదానం తప్పితే తెగుతుంది. ఎక్కువ వేడి తగిలితే కాలుతుంది. పది పోగులు లాగితే మూడు పనికివచ్చినవి.

తీగలు బిగిస్తూ ఉండగా ప్రక్కింటి పిల్లవాడు వచ్చి, "తాతగారూ, ఇది ఎగురుతుందా?" అని అడిగినాడు. ఎగురదని మా మిత్రుడు చెప్పినారు. "మరి ఇన్ని తీగలు ఎందుకండీ?" అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు సమాధానంగా ఆయన చెప్పిన కథనే ఇక్కడ సంగ్రహిస్తున్నాము.

1932 అక్టోబరు 8వ తేదీన భారత వైమానిక దళం చట్టరీత్యా ఏర్పడినది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో దాని మొదటి స్క్వాడ్రన్ నాలుగు వాపిటీలతో ప్రారంభమైనది. భూమిమీద పనిచేసేవారిని హవాయి సిపాయిలు అనేవారు. ఆ తొలి చోదకులలో ఒకరైన సుబ్రతో ముఖర్జీ తరువాత 1954లో వైమానిక దళానికి మొదటి భారతీయ అధిపతి అయినారు. యుద్ధం వచ్చేనాటికి వాపిటీ ముసలిదైపోయినది. కాని 1939లో స్వచ్ఛంద సైనికులతో తీరరక్షణ దళాలు ఏర్పరచినప్పుడు వాటికి ఇవ్వడానికి అంతకన్న మంచివి లేకపోయినవి. పౌర విమానాలు నడిపేవారినీ, ఫ్లయింగు క్లబ్బులలో విద్య నేర్చినవారినీ చేర్చుకొని, మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్ రేవులలో అయిదు దళాలు నెలకొల్పినారు. తరువాత ఆరవది విశాఖపట్టణంలో ఏర్పడినది. ఓడల బారులకు పైన తోడుగా ఉండడం, జలాంతర్గాముల జాడ కనిపెట్టడం, తెల్లవారగానే తీరం పొడవునా ఒక చుట్టు తిరిగి రావడం ఇట్టి దళాల పని. గంటకు సుమారు 130 మైళ్ళు దాని వేగం. ముందొకరు, వెనుకొకరు, తెరచిన గూళ్ళలో కూర్చుంటారు. క్రింద అంతా సముద్రం; ఇంజను ఒక్కటే.

రేవు అప్పటికి కొత్తది. 1933లో ప్రారంభమైనది. 1941 జూన్‌లో సింధియా ఓడల కర్మాగారానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసినారు. 1942 ఏప్రిల్ 6వ తేదీన బంగాళాఖాతంలో ప్రవేశించిన జపాను నౌకాదళంలోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖమీదా, కాకినాడమీదా బాంబులు వేసినవి. అవి గుడ్డ రెక్కలవి కావు. లోహపు ఒంటిరెక్క విమానాలు. వాటిని వెంటాడి పట్టుకొనే శక్తి వాపిటీకి లేదు. చూసి వచ్చి చెప్పడం తప్ప దానిచేత కాగల పని మరేదీ లేదు. వన్ టౌన్ వాసులు మూటలు కట్టుకొని ఊళ్ళకు తరలిపోయినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు పోయినది. ఆ వారంలో బండి బాడుగ ఎంత పలికినదో వాళ్ళ నాయనమ్మగారు చెప్పగా మా మిత్రుడు చిన్నతనంలో విన్నారట; అంకె మాత్రం ఆమె చెప్పిన ప్రతిసారీ పెరిగేదని నవ్వినారు.

1942లోనే తీరదళాలను రద్దుచేసినారు. ఆ మనుషులతో కొత్త స్క్వాడ్రన్లు కట్టినారు. వాటిలో ఏడవది ఆ సంవత్సరం డిసెంబరు 1న విశాఖలోనే పుట్టినది. దానికి ఇచ్చినవి అమెరికా నుంచి వచ్చిన వెంజన్స్ అనే ఒంటిరెక్క బాంబరులు. తరువాత వైమానిక దళాధిపతి అయిన ప్రతాప్‌చంద్ర లాల్ యుద్ధకాలంలో ఆ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించినారు. ఆ స్క్వాడ్రన్‌ను గురించి వ్రాసినవారు ఉన్నారు. దానికి ముందు ఇక్కడ కాపలా కాచిన ముసలి విమానాలను గురించి ఒక్క వాక్యంతో సరిపెడుతుంటారు. ఓడిపోయిన యోధునికైనా పాట ఉంటుంది గాని, యుద్ధం చేయవలసిన అవసరం రాకుండా తిరిగి వచ్చినవానికి ఉండదు. ఇది న్యాయమని మేము అనుకొనడం లేదు. దారిలో శత్రువు ఉన్నాడో లేడో తెలియక ప్రతి ఉదయం సముద్రం మీదికి పోవడమూ ధైర్యమే. యంత్రం ముసలిదైపోయినదని తెలిసి పోవడం మరికొంత ధైర్యం.

రంగు దగ్గర మాకూ మా మిత్రునికీ కొంచెం వాదం నడచినది. శాంతికాలంలో భారతదేశపు వాపిటీలకు వేసిన వెండిపూతనే చివరకు ఎంచుకొన్నాము; విశాఖకు రాకముందు ఈ యంత్రాలు గడిపిన జీవితానికి అది గుర్తు. కిట్టుతో వచ్చిన వలయాకారపు గుర్తుల కాగితం పసుపు పచ్చబడి ఉన్నది. దానిని కిటికీ అద్దానికి లోపలివైపు అంటించి పదిరోజులు ఎండ తగలనిస్తే తెల్లబడినది. విశాఖ ఎండ ఇంతకుముందు ఎవరికైనా ఇంత ఉపకారం చేసినదో లేదో! ఇక మిగిలినది విమానపు సంఖ్య. ఏదో ఒక అంకె వ్రాస్తే చూడడానికి నిండుగా ఉంటుందని మా మిత్రుడు అన్నారు. ఫొటోలో చూడని అంకె వ్రాయరాదని మేము పట్టుబట్టినాము. కోసిన శరీరాన్ని అతికించినది తెలియకుండా చేయడం పనితనం. లేని సంఖ్యను ఉన్నట్లు వ్రాయడం వేరు. రెండు రోజులు మాటలు తగ్గినవి. మూడవనాడు ఆయనే కుంచె కడిగి పెట్టెలో పెట్టినారు. శరీరం ప్రక్కన ఆ చోటు వెండిరంగుగానే ఉండిపోయినది.

తోక దగ్గర తీగలు నాలుగు ఇంకా మిగిలి ఉన్నవి. ముసురు పట్టినది, జిగురు ఆరడం లేదు. కిటికీ మూసి, విమానం మీద గాజు గిన్నె బోర్లించి, వాన వెలిసేవరకు ఆగుదామని నిన్న సాయంకాలం నిర్ణయించుకొన్నాము.